పేజీకి ఒక కొట్టివేత

మార్చి 3, సోమవారం

ఈ నోటుపుస్తకం ఎవరి కోసమూ కాదు. ఎవరైనా తెరిచి చదివితే అది వాళ్ళ ఖర్మ.

శనివారం మా ఆఫీసులో గేటు దగ్గర కూర్చునే పెద్దాయన రిటైరయ్యాడు. అందరం ఒక పుస్తకంలో రెండేసి లైన్లు రాసివ్వాలి. నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్న నన్ను చూసి, నోరు విప్పకుండా గడియారం వైపు వేలు చూపించి నవ్విన మనిషి. ఆయనకి నేను రాసిందేమిటి? "మీతో గడిపిన ప్రతి క్షణం మా ప్రయాణంలో ఒక మధుర జ్ఞాపకం." రాసి, సంతకం పెట్టి, ఒకసారి చదువుకున్నాను. ఏ ప్రయాణం? ఆయన కుర్చీలోంచి లేవలేదు, నేను బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. పేజీలు వెనక్కి తిప్పి చూద్దును కదా, పదహారు మందిమీ ఇంచుమించు అదే రాశాం.

పెద్దాయన అన్నీ ఓపిగ్గా చదివి, "ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాశారా అమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అందుకని ఈ పుస్తకం. రోజూ పొద్దున్న కుక్కరు పొయ్యి మీద పెట్టి, అది మూడు కూతలు కూసేలోపు ఒక పేజీ. నా సొంత మాటలతో. వెనక అట్ట లోపల, వాడకూడని మాటలు రాసి పెట్టుకున్నాను: ప్రయాణం, మధురం, అమూల్యం, ప్రతి క్షణం, గుండె లోతుల్లోంచి. రోజూ పెరుగుతుంది ఈ జాబితా, నాకు తెలుసు.

మార్చి 4, మంగళవారం

ఒక పేజీ రాశాను. చింపాను. "అమూల్యం" రాకుండా కాపలా కాస్తే "వెలకట్టలేని" వచ్చి కూర్చుంది.

మార్చి 5, బుధవారం

మా ఆఫీసు గురించి ఒకసారి ఉన్నదున్నట్టు రాసి పారేస్తే వదిలిపోతుందేమో.

ఉత్తరం కావలసినవాళ్ళు ఫోన్లో ఒక ఫారం నింపుతారు. ఎవరికి, ఎందుకు, ఏ ధోరణిలో. మేడ మీద ఉన్న ఏఐ రెప్పపాటులో ఉత్తరం అల్లేస్తుంది. కింద పదహారు మందిమి కూర్చుని దాన్ని తు.చ. తప్పకుండా పెన్నుతో తెల్లకాగితం మీదికి ఎక్కిస్తాం. అందుకున్నవాళ్ళు ఇది మనిషి కూర్చుని రాసిందే అనుకోవాలి. పదహారు చేతిరాతల నమూనాలూ ఫారంలో ఉంటాయట, ఎవరికి నచ్చింది వాళ్ళు ఎంచుకోవచ్చు. నాది ఏడో నంబరు. తలకట్లు కాస్త ఎడమకి వాలి ఉంటాయి. అమ్మ పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించిన రాత. ఇప్పుడు దానికో నంబరు.

ఉత్తరం మనిషిది అనిపించడానికి రూల్సున్నాయి. పేజీకి ఒక కొట్టివేత, నాలుగో లైనులోనో తొమ్మిదో లైనులోనో. రెండు ఉత్తరాలకి ఒక సిరా మరక. పేజీ అడుగుకి వచ్చేసరికి లైన్లు కొంచెం కిందికి వాలాలి, చెయ్యి అలిసిపోయినట్టు. బాధ ఎక్కువ కావాలన్నవాళ్ళకి కన్నీటి చుక్క. అందుకని ప్రతి బల్ల మీదా కంట్లో మందు వేసుకునే సీసా ఒకటి ఉంటుంది, ఉప్పునీళ్ళతో. మా పెద్దసారు భూతద్దం పెట్టి వీటన్నిటినీ పరీక్షిస్తాడు. మేం ఆయన్ని మరకల సారు అంటాం. నా పక్క బల్ల ఆవిడకి తుమ్ముల జబ్బు. ఆవిడ నిజంగా తుమ్మి, నిజంగా సిరా చిందితే మాత్రం ఆ కాగితం చెత్తబుట్టలోకి పోవాలి. రూలులో లేని మరక కదా!

ఇప్పుడే పేజీ పైకి చూశాను. నాలుగో లైనులో "మనిషి" అని రాసి, కొట్టేసి, మళ్ళీ "మనిషి" అనే రాశాను. మొదటిదాంట్లో తప్పేమీ లేదు. చెయ్యి దానంతటది కొట్టేసింది.

ఛీ.

మార్చి 7, శుక్రవారం

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. చప్పుడు విని రోగం చెప్పేస్తాడు, నా మొహం చూసి మాత్రం ఏమీ చెప్పలేడు. పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు.

"ఏం రాస్తున్నావే, పళ్ళు కొరుక్కుంటూ?"

"నా మాటలు."

"దానికింత అవస్థెందుకు? మీ మేడ మీదిదాన్నే అడగరాదూ. నీ మాటల్లాగే రాసి పెడుతుంది."

కుక్కరు తీసి ఆయన నెత్తిన పెట్టాలనిపించింది. ఆయన కాఫీ రెండు గుక్కలు తాగి, "మీ తమ్ముడి గురించా?" అన్నాడు.

"వాడి గురించి రాయడానికి ఏముందండీ?"

నిజమే, ఏముంది? అమ్మ వాడి దగ్గర ఉండేది. అమ్మ పోతే నాకు మర్నాడు చెప్పాడు. ఒక పగలూ ఒక రాత్రీ అమ్మ లేదు, నేను లోకం మీద ఏమీ జరగనట్టు బడిలో సర్టిఫికెట్ల మీద పిల్లల పేర్లు రాస్తూ కూర్చున్నాను. అప్పట్లో నాది ఆ ఉద్యోగం. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది, మంచం కూడా తీసేశారు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. ఆరేళ్ళయింది, వాడితో మాట లేదు. ఎందుకు చెప్పలేదో నాకు నిజంగా తెలియదు.

మార్చి 10, సోమవారం

కుడిచెయ్యి ఆఫీసుది అయిపోయింది కదా అని ఇవాళ ఎడమచేత్తో రాశాను. అయిదు లైన్లకి అరగంట. కుక్కరు తొమ్మిది కూతలు కూసింది, అన్నం అడుగంటింది. రాసింది చూస్తే కోడి గీరినట్టుంది, కానీ అందులో "మధురం" లేదు. "చెయ్యి నొప్పి. అన్నం మాడుతోంది. లేవాలి." ఇంతే ఉంది. వారం మొత్తం మీద నేను రాసినవాటిలో ఇదొక్కటే అసహ్యం వేయకుండా చదవగలిగాను.

మార్చి 11, మంగళవారం

నిన్న ఇరవై రెండు ఉత్తరాలు. ఆరు పుట్టినరోజులు, నాలుగు ఓదార్పులు, ఒక ఇంటివాడు అద్దెకున్నవాళ్ళని ఖాళీ చెయ్యమనడానికి రాయించుకున్నది. అందులోనూ "మీతో గడిచిన రోజులు". ఖాళీ చెయ్యమని చెప్పడానికీ కన్నీటి చుక్క! వేశాను.

మార్చి 13, గురువారం

నిన్న సాయంత్రం చివరి ఉత్తరం. అక్కకి తమ్ముడి క్షమాపణ. రెండు పేజీలు, ఒక కన్నీటి చుక్క, చేతిరాత ఏడు. మేడ మీద నుంచి మాకు వచ్చే కాగితంలో పేర్లుండవు.

"ప్రియమైన అక్కా, కాలం ఎన్నో గాయాలను మాన్పుతుందంటారు. కానీ నీ మౌనం నా గుండె లోతుల్లో..." ఇలా మొదలై, వాన, ఒకే గొడుగు, దాని కింద బడికి నడిచిన అక్కాతమ్ముళ్ళు, నువ్వు తడుస్తూ నన్ను తడవనివ్వని ఆ ప్రేమ. రోత పుట్టింది. తుమ్ముల ఆవిడకి చదివి వినిపించాను.

"సొంత అక్కకి సారీ చెప్పడానికి కూడా వీడికి ఒళ్ళు వంగలేదు, చూడు" అన్నాను.

"ఆ అక్కకి ఏం తెలుస్తుందిలే వదినా. ఇది పట్టుకుని కుళ్ళికుళ్ళి ఏడుస్తుంది" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. చుక్క ఎక్కడ వేస్తే బాగుంటుందా అని చూసి, గొడుగు అన్న మాట మీద వేశాను. సిరా అందంగా పాకింది.

కవరు మీద రాయవలసిన చిరునామా చీటీ ఆఖరున ఇస్తారు. ఇచ్చారు. మా వీధి. మా ఇంటి నంబరు. నా పేరు.

మరకల సారు వచ్చి భూతద్దం పెట్టి చూసి, "చుక్క చాలా సహజంగా పడిందమ్మా" అన్నాడు. నేను కవరు మీద నా పేరు రాసి, అంటించి, ఆయన చేతిలో పెట్టాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

మార్చి 14, శుక్రవారం

రాయను.

మార్చి 17, సోమవారం

వచ్చింది. మా ఆయనే గుమ్మం దగ్గర అందుకున్నాడు.

"ఇదేమిటే, నీ రాతే! నీకు నువ్వే ఉత్తరం రాసుకున్నావా?"

"తమ్ముడు పంపాడు."

"నీ చేత్తోనా?" అని పెద్దగా నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. విని కూడా, ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివి, "ఏమో, బాగానే ఉందిగా. నాకే కళ్ళు చెమర్చాయి. ఇక్కడ చూడు, పాపం ఏడ్చాడు కూడా" అని గొడుగు మీద వేలు పెట్టాడు.

"అది నేను వేసిన ఉప్పునీళ్ళు" అన్నాను.

మేమిద్దరం ఏనాడూ ఒకే బడికి వెళ్ళలేదు. నాది ఆడపిల్లల బడి, ఊరికి ఆ చివర. మా ఇంట్లో అసలు గొడుగే లేదు. ఎవరి అక్క తడిసిందో, ఎవరి గొడుగో! ఆరేళ్ళ తర్వాత నా తమ్ముడు నాకు పంపిందేమిటి? ముక్కూ మొహం తెలియని ఏ ఇంటివాళ్ళదో వాన, నా సొంత చేతిరాత. మధ్యలో వాడెక్కడున్నాడు?

ఉత్తరాన్ని బియ్యం డబ్బా కింద తొక్కిపెట్టాను. చెత్తబుట్టలో వేద్దామనుకున్నాను. వేయలేదు. తర్వాత వేస్తాను.

మార్చి 18, మంగళవారం

జవాబు రాద్దామని కూర్చున్నాను. "తమ్ముడూ, నువ్వు పంపింది అందింది. అందులో నీ మాట ఒక్కటీ లేదు." ఇంతవరకూ బాగుంది. తర్వాతి లైనులో "మౌనం" వచ్చింది. దాని వెనకే "గాయం" వచ్చింది. చింపాను. రెండో కాగితంలో చివరి లైన్లు వాటంతటవే కిందికి వాలాయి, రాసింది ఆరు లైన్లే అయినా. చెయ్యి ఏమీ అలిసిపోలేదు. చింపాను.

తమ్ముడి మీద అసహ్యమా, ఆ మేడ మీదిదాని మీదా, నా చెయ్యి మీదా, తేల్చుకోలేకపోతున్నాను. మూడూ కలిపి ముద్ద అయిపోయాయి.

మార్చి 19, బుధవారం

వాడి మెషీనుకి మెషీనుతోనే జవాబు చెప్పాలని బుద్ధి పుట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్లో మా కంపెనీ ఫారం తెరిచాను. నాలుగేళ్ళు పనిచేసి దాన్ని చూడటం ఇదే మొదలు. ఎవరికి? తమ్ముడికి. ధోరణి? కటువుగా. చేతిరాత? పన్నెండు, తుమ్ముల ఆవిడది. తర్వాత ఒక పెద్ద గడి: ఏం జరిగిందో మీ మాటల్లో రాయండి.

మీ మాటల్లో! రెండు వారాలుగా నేను కుక్కరు ముందు కూర్చుని దేనికోసం దేవులాడుతున్నానో, అదేదో అక్కడ పడి ఉన్న వస్తువైనట్టు అడుగుతోంది. టైపు కొట్టాను: అమ్మ పోయిన సంగతి మర్నాడు చెప్పాడు. దాని కింద ఇంకో గడి: ఎందుకు? తెలియదు అని కొట్టాను. దయచేసి మరికొంత వివరించండి అంది. మళ్ళీ తెలియదు అని కొట్టాను. మళ్ళీ అదే అడిగింది. చిర్రెత్తుకొచ్చి మూసేశాను.

చెయ్యి కడుక్కుంటుంటే తట్టింది. వాడూ ఈ గడులు నింపే ఉంటాడు. ఆ గొడుగు మేడ మీదిదాని పైత్యం. వాడిదంటూ ఏమైనా ఉంటే ఆ గడుల్లోనే ఉంటుంది. ఆ ఫారాలు మాకు చూపించరు. మేడ మీద ప్రింటు తీసి ఉంచుతారు, వాటిని చింపి సంచుల్లో కుక్కే పని వారానికొకరికి వంతు. ఈ వారం వంతు తుమ్ముల ఆవిడది.

మార్చి 20, గురువారం

అడిగాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"అది నీ ఉత్తరమా వదినా? అయ్యో, నేను ఎన్నేసి మాటలన్నానో!"

"నేను అన్నవాటికంటే తక్కువేలే. ఆ ఫారం తెచ్చిపెట్టగలవా?"

"దొరికితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

"పోతే పోనీ."

"నీది పోతే పోనీ. నా పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయి" అని విసురుగా అని, రెండుసార్లు తుమ్మి, పనిలో పడింది. మళ్ళీ నా వైపు చూడలేదు. ఆవిడని తప్పు పట్టడానికి లేదు.

మార్చి 21, శుక్రవారం

తెచ్చింది. రుమాలులో చుట్టి తెచ్చింది. "నా రుమాలు ముట్టుకునే ధైర్యం ఎవరికుంది?" అని బల్ల కింద నుంచి అందించింది. నేను బాత్రూములో తలుపేసుకుని చదివాను. ఇంటికొచ్చి ఆ కాగితం ఈ పుస్తకంలోనే అంటించాను. అయినా ఒకసారి రాసుకుంటాను.

ఎవరికి: అక్కకి.

ఏం జరిగింది: అమ్మకి బాలేనప్పుడు అక్కకి ఫోన్ చేసేవాణ్ణి. అక్క పనిలో ఉండేది. ఇంక నాకు ఫోన్ చెయ్యకు అంది.

ఎందుకు: కోపం. చెయ్యొద్దంది కదా అని మొండికేశా. అమ్మ పోయిన రోజు ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నా. చెయ్యలేదు. మర్నాడు చేశా. తప్పు నాదే.

ఇంకా చెప్పదలచినవి: ఫోన్ చెయ్యొద్దంది కాబట్టి ఉత్తరం. నాకు రాయడం రాదు.

చేతిరాత: ఏడు. ఎంపికకి కారణం: మా అక్క రాతలా ఉంది.

మార్చి 22, శనివారం

అన్నాను.

ఎండాకాలం సెలవుల ముందు. బల్ల మీద మూడు వందల సర్టిఫికెట్లున్నాయి. "అమ్మ తినడం లేదక్కా" అన్నాడు. అంతకుముందు రోజు "జ్వరం తగ్గలేదక్కా" అన్నాడు. "నువ్విలా పూటకోసారి చెప్తే నేనిక్కడి నుంచి ఏం చెయ్యను? ఇంక నాకు ఫోన్ చెయ్యకు" అన్నాను. పెట్టేశాను. పెన్ను తీసుకుని ఎక్కడ ఆపానో అక్కడి నుంచి రాశాను, ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. ఆ రోజు నా చేతిరాతని హెడ్‌మాస్టరు మెచ్చుకున్నాడు కూడా.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఆరేళ్ళుగా తెలుసు. ఈ పుస్తకంలోనే, ఎవరూ చదవని పుస్తకంలో, తెలియదని రెండుసార్లు రాశాను. ఆ పేజీలో ఉన్న మాటలన్నీ నావే, ఒక్కటీ ఆఫీసుది కాదు, అన్నీ కలిపి అబద్ధం. మేడ మీదిదాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. నన్ను చూసుకుంటే దానికంటే ఎక్కువ రోత పుడుతోంది.

వాడు రాయడం రాదన్నాడు. ఆ ఫారంలో ఒక్క ముక్క తీసెయ్యడానికి లేదు. అంత బాగా రాసి, దాన్ని తీసుకెళ్ళి మేడ మీదిదాని నోట్లో వేశాడు. అది నమిలి గొడుగు చేసింది.

మార్చి 23, ఆదివారం

కుక్కరు పెట్టలేదు. మా ఆయనని హోటలు నుంచి ఏదైనా తెమ్మని పంపేశాను. నాలుగు గంటలు పట్టింది. ఉత్తరం ఒక పేజీ కూడా లేదు.

"తమ్ముడూ, నువ్వు నింపిన ఫారం నేను చూశాను. ఎలా చూశానో కలిసినప్పుడు చెప్తాను. నువ్వు ఎంచుకున్న ఏడో నంబరు నేనే. నీ ఉత్తరం నేనే రాశాను, ఎవరిదో అనుకుని నవ్వుకుంటూ. గొడుగు సంగతి నీది కాదని తెలుసు. నాకు గుర్తున్నది వేరే. నీకు అక్షరాలు దిద్దించమని అమ్మ నన్ను కూర్చోబెడితే, నీకు రాకపోతే బలపంతో వేళ్ళ మీద కొట్టేదాన్ని. నువ్వు అమ్మకి చెప్పేవాడివి కాదు. నీకు రాయడం రాకపోతే సగం పాపం నాది. అమ్మ పోయిన సంగతి నేను నిన్ను చెప్పనివ్వలేదు. ఫోన్ చెయ్యి. ఎప్పుడైనా చెయ్యి."

"నేను నిన్ను చెప్పనివ్వలేదు" అన్నచోట ముందు "నువ్వు నాకు చెప్పలేదు" అని రాశాను. రాసి, చాలాసేపు చూసి, కొట్టేశాను. ఎంత గట్టిగా కొట్టానంటే కాగితం చిరిగింది. నాలుగో లైనూ కాదు, తొమ్మిదో లైనూ కాదు. మరకల సారు చూస్తే పనికిరాదని పారేస్తాడు.

మళ్ళీ శుభ్రంగా రాద్దామని కొత్త కాగితం తీశాను. లోపల పెట్టేశాను. చిరుగుతోనే వెళ్తుంది.

మార్చి 24, సోమవారం

కవరు మీద వాడి చిరునామా రాయబోతే చెయ్యి ఆగింది. వాడు ఇల్లు మారాడని విన్నాను, ఎక్కడికో నాకు తెలియదు. మా కంపెనీ కవర్ల మీద పంపినవాళ్ళ చిరునామా ఉండదు.

ఫోన్ నంబరు మాత్రం ఉంది. ఆరేళ్ళుగా తీసెయ్యలేదు.

పదకొండింటికి ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి చేశాను. వాడిది అద్దాల దుకాణంలో పని. రెండుసార్లు మోగగానే ఎత్తాడు. వెనక అద్దం కోసే చప్పుడు.

"పనిలో ఉన్నావా?" అన్నాను.

చప్పుడు ఆగింది.

"ఉన్నా. పర్లేదక్కా, చెప్పు."

నేను దాచి పెట్టుకున్న మాటలేవీ రాలేదు. "మీ ఇంటి నంబరు చెప్పు, రాసుకుంటా" అన్నాను. చెప్పాడు. పెన్ను కదల్లేదు, మళ్ళీ చెప్పమన్నాను. చెప్పాడు. కళ్ళ నీళ్ళకి అంకెలు అలికినట్టయి కనబడలేదు, మళ్ళీ అడిగాను.

మూడుసార్లు అడిగాను. వాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు.